లెక్కలోకి రాని నిమిషాలు

ఫీచర్ రిక్వెస్టు అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మీలో చాలామంది ఇప్పుడు ఇలాంటి కంపెనీల్లోనే చేరుతున్నారు కాబట్టి, మండినా సరే చెబుతాను. మన సాఫ్ట్‌వేర్ వాడుకునేవాళ్లు ఫోన్ చేసి "ఇందులో ఇది కూడా ఉంటే బాగుంటుంది" అంటారు చూడండి, రిక్వెస్టంటే అదే. ఆ మాటలు విని రాసుకోవడమే తొమ్మిదేళ్లపాటు నా ఉద్యోగం. నేనేమీ పెద్ద చదువులు చదివినవాణ్ని కాను. ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంటుగా లోలకాలకు దారాలు కట్టుకుంటూ, లెన్సులు తుడుచుకుంటూ బతికినవాణ్ని. ఆ కాలేజీ మూతపడ్డాక ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడి పైన, రెండు గదుల్లో నడిచే ఈ కంపెనీలో చేరాను. స్కూళ్లలో పెద్ద తెరల మీద ఫిజిక్స్ ప్రయోగాలు చూపించే సాఫ్ట్‌వేర్ వాళ్లది. తెర మీద వేలు పెడితే బంతి పడుతుంది, లోలకం ఊగుతుంది, బల్బు వెలుగుతుంది. ఏదీ పగలదు, ఏదీ పోదు, ఎవరూ తుడవక్కర్లేదు.

ల్యాబులు తుడిచిన మనిషినే తీసుకొచ్చి, ఇక ల్యాబు అక్కర్లేదని చెప్పే సరుకు దగ్గర కూర్చోబెట్టారు. ఆ సంగతి అప్పట్లో నాకు తట్టలేదు. ఏసీ గది, తిరిగే కుర్చీ, చెవులకు పెట్టుకునే ఫోను. సంబరపడిపోయాను.

మా ఓనరు నాకంటే పదిహేనేళ్లు చిన్న. నన్ను "మామా" అని పిలిచేవాడు. కష్టమైన పని అప్పగించాలనుకున్నప్పుడు ఆ "మామా" ఇంకాస్త సాగేది. ఆయన గోడకు ఒక తెల్లబోర్డు కొట్టించాడు. ఎడమవైపు రిక్వెస్టు రాయాలి. అది అడిగిన ప్రతి స్కూలుకూ ఎదురుగా ఒక గీత గీయాలి. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డం. పది గీతలు పడిన పని కోడు రాసే అమ్మాయి బల్ల మీదికి పోతుంది. పడనిది బోర్డు మీదే ఎండిపోతుంది. చూసినవాళ్లంతా ఆహా ఎంత న్యాయం అనేవాళ్లు. నేనూ అనుకున్నాను.

కానీ అందులో ఒక మెలిక ఉంది. టీచరు ఫోన్ చేస్తే ఒక గీత. స్కూలు యజమాని, అంటే కరస్పాండెంటు, ఫోన్ చేస్తే ఆయనకు ఎన్ని బ్రాంచీలుంటే అన్ని గీతలు. ఇదేంటని ఒకసారి అడిగాను. "ఆయప్పకు ఆరు బ్రాంచీలుండాయి మామా. ఆయప్ప అడిగితే ఆరూ అడిగినట్లే గదా" అన్నాడు ఓనరు. నేను తల ఊపి ఆరు గీతలు గీశాను. నా తొమ్మిదేళ్ల ఉద్యోగంలో అతి ఎక్కువగా చేసిన పని ఏదంటే ఆ తల ఊపడమే.

రకరకాల రిక్వెస్టులు వచ్చేవి. చక్రాయపేట నుంచి ఒక సారు వాలుబల్ల మీద జారే చెక్కదిమ్మ బదులు చెనక్కాయల మూట పెట్టమన్నాడు. "చెక్కదిమ్మను ఎవురు జార్చినారు సార్ మా ఊళ్లో? మూటయితే పిల్లోళ్లకు బిరీన తెలుస్తాది" అన్నాడు. ఎంత మంచి మాట! ఒక్క గీత పడింది, అంతే. ఒకాయన లోలకం ప్రయోగంలో ఎవరు చేసినా జవాబు సరిగ్గా పుస్తకంలో ఉన్నదే రావాలన్నాడు. తప్పు వస్తే తల్లిదండ్రులు ఫోన్లు చేస్తున్నారట. దానికి నెలలోపే పది గీతలు పడ్డాయి, చేసిపెట్టాం. పిల్లలు దారాన్ని ఎంత అడ్డదిడ్డంగా ఊపినా జవాబు ఒకటే వచ్చేది. ల్యాబులో ఇరవై ఏళ్లు బతికిన నేను దాన్ని చూసి సిగ్గుతో చచ్చిపోవాలి. చావలేదు, బోర్డు మీద "పూర్తయింది" అని రాశాను.

ఇక అసలు సంగతి. పులివెందులలో ఒక స్కూలుంది. నేను చెప్పిన ఆ ఆరు బ్రాంచీల ఆసామి స్కూలే. అందులో తొమ్మిది, పది తరగతులకు ఫిజిక్స్ చెప్పే మేడం ఒకామె. తొండూరు వైపు పల్లె ఆమెది. గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టి, ఆ ఇంట్లో మొదటగా ఎమ్మెస్సీ దాకా చదివిన మనిషి. ఆమె కూతురు కూడా అదే స్కూల్లో చదివేది. ఆమె ఫోన్ చేసి, "సార్, అయిదు నిమిషాలు తెర ముట్టుకోకుంటే మీ సాఫ్ట్‌వేరు అదంతట అదే ఆగిపోయి బయటికొచ్చేస్తాంది. అట్ల పోకుండా చేయండి" అని అడిగింది. ముట్టుకోకుండా అయిదు నిమిషాలు ఏం చేస్తారు మేడం అన్నాను. "ఒకసారి వచ్చి చూడండి సార్" అంది.

వేరే పని మీద పులివెందుల పోయినప్పుడు ఆమె క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నాను. తెర మీద ఒక బల్ల, బల్ల అంచున రెండు బంతులు. ఒకటి నేరుగా కిందికి పడుతుంది. రెండోదాన్ని ముందుకు తోస్తే ఎగిరి దూరంగా పడుతుంది. మేడం రెండింటినీ ఒకేసారి వదిలి, అవి అంచు దాటగానే టక్కున ఆపేసింది. బంతులు గాలిలో నిలబడిపోయాయి. "ఏది ముందు నేలకు తాకుతాది? రాయండి" అంది.

ఇక చూడండి ఆ క్లాసు! ఒక పిల్లవాడు లేచి, "ముందరికి పోయే బంతి శానా దూరం పోవల్ల గదా మేడం, అది ల్యాటు" అన్నాడు. వెనక నుంచి ఒక పాప, "దూరం ముందరికి రా, కిందికి గాదు. కిందికి రెంటికీ ఒకటే ఎత్తు" అని అరిచింది. మేడం జవాబు చెప్పలేదు. నల్లబోర్డును రెండు భాగాలు చేసి ఎవరి పేరు ఎటువైపో రాసింది. కొందరు వాదన విని ఇటు నుంచి అటు మారారు. ఒకడు మూడుసార్లు మారాడు. పావుగంట గడిచింది, ఎవరూ తెర ముట్టుకోలేదు. ఇక వదులుదాం అని మేడం తెర దగ్గరికి పోయేసరికి ఏముంది, మా సాఫ్ట్‌వేరు ఎప్పుడో బయటికి వచ్చేసింది. బంతులూ లేవు, బల్లా లేదు, మా కంపెనీ బొమ్మ నవ్వుతూ కనబడింది. పిల్లలంతా అయ్యో అన్నారు.

"చూసినారా సార్?" అంది మేడం నావైపు తిరిగి. "నేను ఆపితే అది పోతాంది. ఆపినప్పుడే గదా సార్ పిల్లోళ్లు ఆలోచించేది. అది కదుల్తాంటే ఊరికే చూస్తా కూచుంటారు."

ఆ మాట విని నా ఒళ్లు పులకరించిందంటే నమ్మండి. ప్రొద్దుటూరుకు తిరిగొచ్చి బోర్డు మీద ఆమె రిక్వెస్టు రాసి ఒక గీత గీశాను. ఆమె మళ్లీ ఫోన్ చేస్తే రెండో గీత గీయలేదు. ఒకే స్కూలు కదా. మూడేళ్లు ఆ గీత ఒంటరిగా ఉండిపోయింది.

ఆ తర్వాత ఆమె స్కూలు కరస్పాండెంటు ఫోన్ చేశాడు. "మా టీచర్లు ఎవురెవురు వారానికి ఎన్ని నిమిషాలు దీన్ని వాడతాండారో నాకు కాగితం మీద కావల్లప్పా" అన్నాడు. ఆరు గీతలు. ఆయన చుట్టం ఒకాయనకు జమ్మలమడుగులో, ప్రొద్దుటూరులో కలిపి నాలుగు స్కూళ్లు, ఆయనా అడిగాడు. పది. సాయంత్రానికి పని కోడు రాసే అమ్మాయి బల్ల మీదికి చేరింది. ఆ అమ్మాయి ముద్దనూరు నుంచి రోజూ బస్సులో వచ్చేది. నోరు జాస్తి, పని అంతకంటే జాస్తి. రెండు రోజుల్లో చేసిచ్చి నన్ను పిలిచింది.

"సార్, ఇందులో ఒక తిరకాసుంది. తెర మీద వేలు కదిలినంతసేపే లెక్క. ఆపిపెట్టిన టైము లెక్కలోకి రాదు. ఎవురైనా ఆపి పాఠం చెప్తే వాళ్లకు సున్నా పడతాది" అంది.

అప్పుడు నా కళ్ల ముందు ఎవరు కనబడాలి? పులివెందుల మేడం కనబడాలి. కనబడింది కూడా, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఓనరు దగ్గరికి పోయి ఈ సంగతి చెప్పాను. "ఆపింది కూడా లెక్కపెడితే టీచర్లు ఆపేసి గమ్మున కూచుంటారు మామా. కరస్పాండెంట్లు ఒప్పుకోరు. ఇట్లే పంపించు" అన్నాడు. నేను పంపించాను. ఎవరో మెడ మీద కత్తి పెట్టి పంపించలేదు. నా చేతులతో నేనే పంపించాను.

రెండు నెలలకు పులివెందుల నుంచి పిలుపొచ్చింది. టీచర్లందరితో మీటింగు, మీ మనిషి ఒకరు వచ్చి కాగితం ఏం చెబుతుందో వివరించాలి అని. బయల్దేరేముందు ఓనరు నా భుజం మీద చెయ్యేసి, "మామా, ఆరు బ్రాంచీలు. వాళ్లేమడిగినా అవునను. అంతే" అన్నాడు. ఆ సాగిన "మామా" వింటూనే నాకు అనుమానం రావాల్సింది.

పొద్దున పది గంటలకు స్టాఫ్ రూములో మీటింగు. కరస్పాండెంటు కాగితం చదివాడు. అందరికంటే పైన ఉన్న సారు వారానికి నాలుగు వందల నిమిషాలు వాడాడట. ఆయన ఎట్లా వాడతాడో నాకు బాగా తెలుసు. లోలకాన్ని ఊగడానికి వదిలి, మధ్యమధ్య తెరను ఒక వేలితో గీకుతూ, ఆ పక్కనే కూర్చుని స్లిప్ టెస్టు పేపర్లు దిద్దుకుంటాడు. ఆయనకు అందరూ చప్పట్లు కొట్టారు. చివరి పేరు మేడంది. వారానికి పదకొండు నిమిషాలు.

"పదకొండు" అన్నాడు కరస్పాండెంటు, కాగితం ఎత్తి అందరికీ చూపిస్తూ. "ఇంత పెట్టి తెరలు కొనిస్తే పదకొండు నిమిషాలు. ఏమప్పా, ఈ కాగితం కరెక్టేనా?"

అందరూ నావైపు చూశారు. మేడం కూడా చూసింది. ఆమె ముఖంలో భయం లేదు, అదే నన్ను ఇప్పటికీ కాలుస్తోంది. వెనక బెంచీ మీద కూర్చుని చూసిన మనిషి వచ్చాడు కదా, ఆయనే చెబుతాడులే అన్నట్టు ధీమాగా ఉంది.

"కరెక్టే సార్" అన్నాను.

"సార్!" అంది మేడం. "మీరు నా క్లాసులో కూచోని చూసినారు గదా. పిల్లోళ్లు ఎంతసేపు మాట్లాడినారో మీకు తెలుసు గదా."

"మేడం, సిస్టం ఎట్లా లెక్కపెడితే అట్లా వస్తుంది" అన్నాను. ఇదీ నా నోటి నుంచి వచ్చిన మాట. ఇరవై ఏళ్లు ల్యాబులో కొలతలు తీసుకున్న నోరు. కొలిచే పరికరంలో తప్పుంటే ముందు ఆ తప్పు రాసి, తర్వాతే కొలత రాయాలని ఎన్ని వందలమంది పిల్లలకు చెప్పిన నోరు. థూ.

"ఇంక రేపట్నుంచి రావొద్దులే తల్లీ" అన్నాడు కరస్పాండెంటు. ఆమె ఇక నాతో మాట్లాడలేదు. కరస్పాండెంటు వైపు తిరిగి, "సార్, మా పాప పదో తరగతి ఈడనే చదువుతాంది. పరీక్షలు అయ్యేదాకన్నా ఉండనీయండి" అంది. "కంప్యూటరే చెప్పినాక నేనేం చేసేది తల్లీ" అన్నాడాయన, ఎంతో బాధగా. ఆ గొంతులోని బాధ చూస్తే ఎవరైనా నమ్మేస్తారు. ఆమె బ్యాగు తీసుకుని, కూతురి క్లాసు దగ్గర ఒక నిమిషం నిలబడి, తర్వాత గేటు వైపు నడిచింది.

అందరూ పోయేదాకా ఆగాను. ఎట్లాగో ధైర్యం తెచ్చుకుని కరస్పాండెంటు గదిలోకి పోయాను. "సార్, ఒక్క మాట. ఆ లెక్కలో తప్పుంది. ఆపిన టైము అందులో రాదు. ఆ మేడం ఆపి ఆపి చెబుతుంది. మీ స్కూల్లో అట్లా చెప్పే టీచరు ఇంకొకరు లేరు" అన్నాను.

ఆయన నవ్వాడు. ఆ నవ్వు నేను చచ్చేదాకా మరిచిపోను.

"నాకు తెల్దనుకుంటాండావా అప్పా? నా మనవరాలు ఆయమ్మ క్లాసే. ఇంటికొస్తే పొద్దస్తమానం ఆయమ్మ పేరే. మంచి టీచరే, కాదన్లేదు."

"మరి ఎందుకు సార్?"

"తనిఖీకి వచ్చినోళ్లు సైన్సు ల్యాబు యాడుందని అడిగినారు. తెర మీదనే ల్యాబు అని నేను చెప్తాంటే, ఆయమ్మ మధ్యలో వచ్చి, ల్యాబు రూములో నోటుపుస్తకాలూ యూనిఫారాలూ పోసినారు, తాళం తీయించండి సార్, చూద్దురు అనింది. అందరి ముందర. నేను తీసేస్తే పగబట్టినాడంటారు. అంతా వాళ్ల కులమోళ్లనే పెట్టుకుంటాడంటారు. ఇప్పుడు ఎవురన్నా ఏమంటారు? మీ కాగితమే చెప్పింది. నువ్వే కరెక్టు అంటివి." ఆయన బెల్లు కొట్టాడు. "టీ తాగి పో అప్పా. ఎండలో వచ్చినావు."

నేను ఆ టీ తాగాను. ఇది రాయకుండా వదిలేయొచ్చు, ఎవరికీ తెలియదు. కానీ తాగాను. కప్పు కింద పెట్టి, థ్యాంక్స్ కూడా చెప్పాను.

అంటే ఆయన మొదటి రోజు ఫోన్ చేసి నిమిషాల కాగితం అడిగినప్పుడే, ఆ కాగితం ఎవరి మీద వాడాలో ఆయనకు తెలుసు. నేను మాత్రం ఎవరడిగారు, ఎన్ని గీతలు అని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఎవరి కోసం, ఎవరి మీద అని ఒక్కసారి అడగలేదు. మీరు ఇప్పుడు చేస్తున్న ఉద్యోగాల్లో బోర్డులకు బదులు రంగురంగుల తెరలు ఉండొచ్చు, గీతలకు బదులు ఓట్లు ఉండొచ్చు. ఒకటే తంతు. అడిగినవాడి ముఖం చూడండి నాయనా, గీతలు తర్వాత చూద్దురు.

ఆఫీసుకొచ్చి జరిగింది చెబితే ముద్దనూరు అమ్మాయి నామీద అరిచేసింది. "నేను ముందే చెప్తి గదా సార్! మీరు ఆడ నోరు తెరవకుండా ఈడికొచ్చి నాకెందుకు చెప్తాండారు?" అంది. అందరి ముందే అరిచింది. ఓనరు ఆ అమ్మాయిని మందలించాడు. ఆమె మూడు నెలలకు ఉద్యోగం మానేసి వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు నాకు చెప్పలేదు.

ఆ ఏడాది చివర, ఒక మధ్యాహ్నం, మా సపోర్టు నంబరుకు ఫోనొచ్చింది. గొంతు గుర్తుపట్టాను. పులివెందుల మేడం.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. జమ్మలమడుగులో ఒక స్కూలుకు ఉద్యోగానికి పోయిందట. డెమో క్లాసు చెప్పింది, పిల్లలు వదల్లేదు, ప్రిన్సిపాలు చేయి కలిపి రేపే చేరమన్నాడు. అక్కడా మా సాఫ్ట్‌వేరే. ఆమె ఫోన్ నంబరు అందులో ఎక్కించబోతే, పాత నంబరే కాబట్టి పాత లెక్కంతా అక్కడ కనబడింది. వారానికి పదకొండు నిమిషాలు. ఇక, "మేడం, మేమే ఫోన్ చేస్తాం" అన్నారు. చేయలేదు.

"ఒక రిక్వెస్టు రాసుకోండి సార్" అంది. "ఆ నిమిషాల పక్కన, టీచరు ఏం చేసిందో రాసుకునేదానికి రవంత చోటు పెట్టండి. ఒక్క లైను చాలు."

రాసుకుంటున్నాను. రాసుకుంటూ, ఏడేళ్ల అలవాటుగా నోరు దానంతటదే అడిగేసింది. "ఏ స్కూలు మేడం?"



"యాడా లేదు సార్. ఇంటికాడ నుంచి మాట్లాడతాండా" అంది. "రాసుకుంటారు గదా?"

రాసుకుంటానన్నాను. ఫోన్ పెట్టేసి బోర్డు దగ్గరికి పోయి, ఆ రిక్వెస్టు రాసి, ఎదురుగా ఒక గీత గీయబోయాను. ఓనరు వెనక నుంచి చూసి ఏ స్కూలు అని అడిగాడు. ఏ స్కూలూ లేదన్నాను. "స్కూలే లేకుంటే గీత ఎట్ల గీస్తావు మామా? చెరిపేయ్" అన్నాడు.

ఆ క్షణం బోర్డు పగలగొట్టి బయటికి వచ్చేశానని రాయాలని ఉంది. మీరు చదివి చప్పట్లు కొడతారు. నేను చెరిపేశాను. అరచేత్తో తుడిచాను, నల్లసిరా చేతికంటింది, కుళాయి కింద కడుక్కున్నాను. ఆ తర్వాత ఇంకో రెండేళ్లు అక్కడే పనిచేశాను.

రిటైరైన రోజు పూలదండ వేశారు, శాలువా కప్పారు. ఇన్నేళ్లలో ఈయన మీద ఏ స్కూలు నుంచీ ఒక్క ఫిర్యాదు కూడా రాలేదని ఓనరు మైకులో చెప్పాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఏ స్కూలు నుంచీ రాలేదు.